కామా ఎక్కడ పడాలో మాస్క్‌కి చెప్పడం ఎలా

చాలా ఏళ్ళ క్రితం బేగంబజార్‌లో ఒక హోల్‌సేల్ దుకాణానికి బిల్లింగ్ ప్రోగ్రామ్ రాసిచ్చాను. మొదటి రోజే ఒక పెద్ద బిల్లు ప్రింట్ అయింది. అక్కడ లెక్కలు చూసే పెద్దమనిషిని అందరూ కాకా అని పిలిచేవాళ్ళు. ఆయన కాగితాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని, చివరికి నా చేతికిచ్చి, "తమ్మీ, ఇది ఎంత? పన్నెండు వేలా, పన్నెండు లక్షలా?" అన్నాడు. కాగితం మీద 1,234,567.50 అని ఉంది.

"లక్షలే కాకా."

"మరి కామా గట్లెందుకు పెట్టినవ్?"

నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే నేను కామాలు సరిగ్గానే పెట్టాను. కోడ్ తెరిచి చూసుకున్నా కూడా జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో నేను రాసిన మాస్క్, అంటే అంకె ఎలా కనిపించాలో చెప్పే నమూనా, ఇదే:

##,##,##0.00

లక్షల దగ్గర కామా, వేల దగ్గర కామా, అన్నీ ఉన్నాయి. అయినా వచ్చింది మాత్రం అమెరికా వాళ్ళ మిలియన్ లెక్క. తప్పు ఎక్కడుందో తెలుసుకోవడానికి ఆ సాయంత్రం మొత్తం పోయింది. తెలిసిన సంగతి ఏంటంటే, మాస్క్‌లో కామా అనే గుర్తుకి అన్ని భాషల్లో ఒకటే అర్థం లేదు. చూడ్డానికి ఒకేలా ఉంటుంది, పని మాత్రం ఒక్కో చోట ఒక్కోలా చేస్తుంది. దాని గురించే ఇక్కడ ఎక్కువ రాస్తాను, మిగతావి దారిలో వస్తాయి.

ముందు సున్నా, హ్యాష్

మాస్క్ అంటే అంకెలు కూర్చోవాల్సిన కుర్చీల వరస అనుకోండి. 0 అంటే ఆ కుర్చీలో ఎవరూ రాకపోయినా సున్నాని కూర్చోబెట్టు అని. # అంటే ఎవరైనా వస్తే కూర్చోనీ, రాకపోతే కుర్చీ తీసేయ్ అని. చుక్క దగ్గర రూపాయలు అయిపోయి పైసలు మొదలవుతాయి. ఎక్సెల్, జావా, ప్రోగ్రాములు రాయడానికి వాడే మైక్రోసాఫ్ట్ వాళ్ళ డాట్‌నెట్, మూడింట్లోనూ ఇంతవరకు తేడా లేదు.

అందుకే 00000 అనే మాస్క్‌లో 42 వేస్తే 00042 వస్తుంది, ఉద్యోగి నంబరుకో బిల్లు నంబరుకో పనికొస్తుంది. ##### వేస్తే 42 వస్తుంది. అర్ధ రూపాయికి #.00 అని వేస్తే .50 అని మొండిగా వస్తుంది, ముందు సున్నా ఉండదు, కాగితం మీద ఆ చుక్క కాస్త మసకగా పడిందా, అర్ధ రూపాయి కాస్తా యాభై అయిపోతుంది. డబ్బు చూపించే చోట చుక్కకి ఎడమ పక్కన కనీసం ఒక 0 ఉండాలి. ఇందులో నేను ఎవరి మాటా వినను.

చుక్కకి కుడివైపు # వాడితే ఇంకో చిన్న తేడా ఉంది. 0.## అనే మాస్క్‌కి 5 ఇస్తే జావా, డాట్‌నెట్ 5 అని మర్యాదగా చూపిస్తాయి. ఎక్సెల్ మాత్రం 5. అని చుక్కను వదిలేస్తుంది, వాక్యం అయిపోయినట్టు. కిలోలు, మీటర్లు చూపించే కాలమ్‌లో ఇది చాలా మందికి తగులుతుంది, దాన్ని మాస్క్‌తో సరిచేసే దారి లేదు, పైసలు ఎప్పుడూ రెండు చూపించేసేయడం లేదా జనరల్ ఫార్మాట్ పెట్టుకోవడం సులువు.

సున్నాల మాస్క్ హైదరాబాద్ ల్యాండ్‌లైన్ నంబర్లకి బాగా పనికొస్తుంది. మన ఎస్టీడీ కోడ్ 040. ఎక్సెల్‌లో 040తో మొదలుపెట్టి నంబర్ టైప్ చేసి ఎంటర్ కొడితే ముందున్న సున్నా మాయం. 000-00000000 అనే మాస్క్ వేస్తే సున్నా తిరిగి వస్తుంది, కోడ్ పక్కన గీత కూడా పడుతుంది. సెల్ నంబర్లకి 00000 00000, పిన్ కోడ్‌కి 000 000, అప్పుడు అమీర్‌పేట పిన్ కోడ్ 500 016 అని కనిపిస్తుంది. అయితే బ్యాంక్ కార్డు నంబర్‌కి ఈ పని చేయకండి. ఎక్సెల్ 15 అంకెల వరకే గుర్తుపెట్టుకుంటుంది, కార్డు నంబర్ 16 అంకెలు, కాబట్టి చివరి అంకె సున్నా అయిపోతుంది, మాస్క్ ఎంత అందంగా ఉన్నా పోయిన అంకె మళ్ళీ రాదు. కూడికలు, తీసివేతలు చేయని నంబర్ ఏదైనా సరే టెక్స్ట్‌గా దాచుకోవడమే మంచిది.

కామాలు మూడు రకాలు

ఇప్పుడు కాకా ప్రశ్నకి వద్దాం.

మొదటి రకం కామా, ఎక్కడ పెడితే అక్కడే కూర్చుంటుంది. 1960లో వచ్చిన కోబాల్‌లో ఇదే పద్ధతి. పిక్చర్ అనే చోట మాస్క్ రాస్తారు, అందులో కామా ఎక్కడుంటే ప్రింట్‌లో కూడా అక్కడే పడుతుంది, కాబట్టి లక్షలు కోట్లు అంటే దానికి అసలు ఇబ్బందే లేదు. పైగా చెక్కుల కోసం ఒక ముచ్చటైన ఏర్పాటు ఉంది. ఖాళీ కుర్చీల్లో నక్షత్రాలు నింపమని చెప్పొచ్చు:

**,**,**9.99

దీనికి 12345.50 ఇస్తే వచ్చేది ఇదీ:

***12,345.50

చూడండి, ముందు రెండు కుర్చీలు ఖాళీ కాబట్టి నక్షత్రాలు పడ్డాయి, వాటి పక్కన ఉన్న కామా కూడా నక్షత్రం అయిపోయింది. మొత్తానికి ముందు ఎవరూ ఇంకో అంకె చేర్చి చెక్కు మార్చకుండా ఆ ఖాళీని మూసేశారు. అరవై ఏళ్ళు దాటిన భాష లక్షల కామాని పొల్లుపోకుండా వేస్తుంటే, తర్వాత వచ్చిన జావా దగ్గర నేను సాయంత్రం అంతా కూర్చున్నాను.

ఒరాకిల్ డేటాబేస్‌లో అంకెను అక్షరాలుగా మార్చే ఫంక్షన్ కూడా ఈ రకమే. అక్కడ # బదులు 9 వాడతారు. 99,99,990.00 అని మాస్క్ ఇస్తే 1234567.5 కాస్తా 12,34,567.50 అయి వస్తుంది. రెండు విషయాలు మాత్రం గుర్తుంచుకోండి. ఒకటి, ముందు ఒక ఖాళీ వస్తుంది, అది మైనస్ గుర్తు కోసం పెట్టిన చోటు. మాస్క్ మొదట్లో ఎఫ్, ఎమ్ అనే రెండు అక్షరాలు చేరిస్తే ఆ ఖాళీ పోతుంది. రెండోది, అంకె మాస్క్ కంటే పెద్దదైతే, అంటే ఈ ఏడు కుర్చీల్లోకి కోటి వచ్చి కూర్చుంటానంటే, అంకె బదులు వరసగా ######## వస్తాయి. ఎక్సెల్‌లో కాలమ్ ఇరుకైతే వచ్చే హ్యాష్‌లు వేరు, అక్కడ కాలమ్‌ని లాగితే సరిపోతుంది. ఇక్కడ మాస్క్‌లోనే కుర్చీలు పెంచాలి. రిపోర్టులకి మాస్క్ రాసేటప్పుడు ఇవాళ వచ్చే పెద్ద అంకె కంటే రెండు స్థానాలు ఎక్కువే పెట్టుకోండి, వ్యాపారం పెరుగుతుంది కదా.

రెండో రకం కామా దూరం కొలుస్తుంది. జావాలోని డెసిమల్‌ఫార్మాట్ క్లాస్ మాస్క్‌లో మీరు ఎన్ని కామాలు పెట్టినా చివరి దాన్ని మాత్రమే చూస్తుంది. ఆ చివరి కామా నుంచి రూపాయల చివరి వరకు ఎన్ని కుర్చీలున్నాయో లెక్కపెట్టి, అదే కొలతతో మొత్తం అంకెని ముక్కలు చేస్తుంది. నా ##,##,##0.00లో చివరి కామా తర్వాత మూడు కుర్చీలు. అంతే, ప్రతి మూడు అంకెలకీ ఒక కామా. ముందున్న కామాలు ఉత్తుత్తివే, నా తృప్తి కోసం. ఎర్రర్ కూడా ఇవ్వదు, అదీ అసలు చిరాకు. లొకేల్, అంటే ఏ దేశం పద్ధతిలో చూపించాలో చెప్పే సెట్టింగ్, ఇండియా అని ఇచ్చినా ఇదే సంగతి, ఎందుకంటే ఆ క్లాస్‌కి రెండు వేర్వేరు కొలతలు గుర్తుపెట్టుకునే చోటే లేదు.

మూడో రకం కామా అవును, కాదు మాత్రమే చెబుతుంది. డాట్‌నెట్‌లో కుర్చీల మధ్య ఎక్కడో ఒక కామా ఉంటే చాలు, అంకెలని గుంపులు చేయమని అర్థం. ఎన్నేసి చొప్పున అనేది మాస్క్ చెప్పదు, కల్చర్ చెబుతుంది. లొకేల్‌కే అక్కడ ఆ పేరు. ఇండియా కల్చర్ ఇస్తే చివర మూడు, తర్వాత రెండేసి. కాబట్టి అక్కడ మీరు

#,##0.00

అని మామూలుగా రాసి, కల్చర్‌గా ఇండియా ఇంగ్లీషునో తెలుగునో ఇస్తే 12,34,567.50 వస్తుంది. అదే మాస్క్ అమెరికా కల్చర్‌తో నడిస్తే 1,234,567.50. మీ ల్యాప్‌టాప్‌లో బాగా కనబడి, క్లౌడ్ సర్వర్ మీద కామాలు జరిగిపోతే కారణం తొంభై పాళ్ళు ఇదే. కల్చర్‌ని మెషిన్‌కి వదిలేయకుండా ప్రతిసారీ చేతికివ్వండి.

ఇదే కామాకి ఇంకో వేషం కూడా ఉంది. కుర్చీలన్నీ అయిపోయాక, చుక్కకి ముందు కామా పెడితే అది వెయ్యితో భాగిస్తుంది. #,##0,, అంటే మిలియన్లు. డాట్‌నెట్, ఎక్సెల్ రెండింట్లోనూ ఇంతే. ఒక కామాకి వెయ్యి, రెండు కామాలకి పది లక్షలు. లక్షల్లో చూపించాలంటే? నేరుగా దారి లేదు, వెయ్యి వెయ్యిగానే తగ్గుతుంది. అందుకే లక్షల్లో రిపోర్ట్ అడిగితే అంకెని మీరే 100000తో భాగించి, తర్వాత మాస్క్ వేయండి. పొరపాటున చివర కామా పడిపోయి నెల మొత్తం అమ్మకాలు 48 అని కనిపించి గుండె ఆగినంత పనైన వాళ్ళు నాకు తెలుసు, అందులో నేనూ ఉన్నాను.

జావాలో లక్షలు రావాలంటే

రెండు దారులున్నాయి. మొదటిది ఐసీయూ లైబ్రరీ, అంటే ఇంకొకరు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్. ఆసుపత్రిది కాదు, అన్ని భాషల అక్షరాలకీ కంప్యూటర్లో నంబర్లిచ్చే యూనికోడ్ వాళ్ళది. అందులోనూ డెసిమల్‌ఫార్మాట్ అనే పేరుతోనే క్లాస్ ఉంది, కానీ అది చివరి రెండు కామాలనీ చూస్తుంది. చివరి కామా నుంచి చివరి వరకు ఒక కొలత, దాని ముందు కామాకీ దీనికీ మధ్య రెండో కొలత. అందులో

#,##,##0.00

అని ఇస్తే చివర మూడు, మిగతావన్నీ రెండేసి, కోట్లు దాటినా సరే. ఆండ్రాయిడ్‌లో 7.0 నుంచి ఈ క్లాస్ ఫోన్‌లోనే ఉంటుంది, విడిగా తెచ్చుకోనక్కర్లేదు. పైథాన్‌లో బేబెల్ లైబ్రరీకి కూడా ఇదే మాస్క్ అర్థమవుతుంది. పైథాన్‌తో పాటు వచ్చే మామూలు ఫార్మాట్‌లో కామా అని రాస్తే మాత్రం మూడేసే.

రెండో దారి, లైబ్రరీ పెట్టుకోలేని చోట. కాకా బిల్లుకి నేను చివరికి చేసింది ఇదే. అంకెని వెయ్యి దగ్గర విరగ్గొట్టండి. 1234567.50ని వెయ్యితో భాగిస్తే ముందు ముక్క 1234, మిగిలేది 567.50. ముందు ముక్కకి

#,##

అనే మాస్క్. చివరి కామా తర్వాత రెండు కుర్చీలే కాబట్టి జావా రెండేసి చొప్పున విడగొడుతుంది, 12,34 వస్తుంది. దాని అలవాటునే మన పనికి వాడుకుంటున్నాం. వెనక ముక్కకి

000.00

సున్నాలే ఉండాలి, హ్యాష్ పెట్టకండి. లేకపోతే 1,00,005 కాస్తా 1,00,5 అయి కూర్చుంటుంది. మధ్యలో ఒక కామా అతికించండి, 12,34,567.50. అంకె వెయ్యి కంటే తక్కువైతే విరగ్గొట్టకుండా 0.00 వేసి వదిలేయండి. మైనస్ అంకె అయితే గుర్తుని ముందే తీసి పక్కన పెట్టి, అంతా అయ్యాక ముందు అతికించండి.

ఇందులో ఒక గుంట ఉంది, నేను పడ్డాను. 1999.999 అనే అంకె వచ్చిందనుకోండి. ముందు ముక్క 1. వెనక ముక్క 999.999. దానికి 000.00 మాస్క్ వేస్తే పైకి రౌండ్ అయి 1000.00 అవుతుంది. రెండూ అతికిస్తే 1,1000.00. రెండు వేల రూపాయల బిల్లు చూడగానే పదకొండు వేలనిపించేలా కాగితం మీదికి వస్తుంది. అందుకని ముందు రెండు పైసల స్థానాలకి రౌండ్ చేయండి, తర్వాతే విరగ్గొట్టండి. ఆ వరస తప్పకూడదు.

ఎక్సెల్‌లో

ఎక్సెల్ కామా మూడో రకమే, విండోస్ సెట్టింగ్ ఏం చెబితే అది చేస్తుంది. కంట్రోల్ ప్యానెల్‌లో రీజియన్ తెరిచి, అడిషనల్ సెట్టింగ్స్‌లో డిజిట్ గ్రూపింగ్ 12,34,56,789 అని పెడితే ఎక్సెల్ మామూలు కామా ఫార్మాట్ కూడా లక్షల్లోకి మారిపోతుంది. మీ ఒక్కరికే అయితే ఇంతకు మించి అక్కర్లేదు. కానీ ఆ ఫైల్‌ని అమెరికాలో ఉన్న మీ క్లయింట్ తెరిస్తే వాళ్ళకి మిలియన్లే కనిపిస్తాయి. ఫైల్‌తో పాటు కామాలూ వెళ్ళాలంటే ఈ మాస్క్ వాడాలి. గూగుల్ షీట్స్‌లో కూడా పనిచేస్తుంది:

[>=10000000]##\,##\,##\,##0.00;[>=100000]##\,##\,##0.00;##,##0.00

చూడగానే భయపడకండి. సెమికోలన్‌తో మూడు గదులు చేశాం. కోటి, ఆ పైన ఉంటే మొదటి గది, లక్ష నుంచి కోటి లోపు రెండో గది, మిగతావన్నీ మూడో గది. కామా ముందున్న \ గుర్తు అసలు కిటుకు. అది పెట్టగానే కామా మూడో రకం నుంచి మొదటి రకానికి మారిపోతుంది, అంటే ఉత్త అక్షరం అయిపోయి పెట్టిన చోటే పడుతుంది. మరి గదులెందుకు అంటే, ఉత్త అక్షరానికి ఖాళీ కుర్చీలతో సంబంధం లేదు కాబట్టి. కోట్ల మాస్క్‌కి 12345 ఇస్తే ,,12,345.00 అని ముందు రెండు కామాలు వేలాడుతుంటాయి. కోబాల్ అయితే వాటిని తుడిచేసేది.

ఈ మాస్క్ లోపాలు కూడా చెప్పాలి, ఎందుకంటే దీన్ని కాపీ కొట్టి అంటించుకునే వాళ్ళే ఎక్కువ, లోపాలు మార్చి నెలాఖరులో బయటపడతాయి. మైనస్ అంకెలన్నీ మూడో గదిలోకే పోతాయి, కాబట్టి అమెరికా సెట్టింగ్ ఉన్న చోట -1234567 అనేది -1,234,567.00 గానే కనిపిస్తుంది. ఎక్సెల్ షరతులు రెండే ఒప్పుకుంటుంది, ఇంకో గది కట్టుకోలేం. వంద కోట్లు దాటితే మొదటి కుర్చీలోకే మిగతా అంకెలన్నీ ఇరుక్కుంటాయి, 123,45,67,890.00 అని వస్తుంది, కోట్లు చదువుకోవడానికి అదే నయమని కొందరంటారు, నాకూ అభ్యంతరం లేదు. మూడోది కాస్త సూక్ష్మం. షరతు అసలు అంకె మీద పరీక్షిస్తారు, రౌండ్ అయ్యాక కాదు. 99999.996 లక్ష కంటే తక్కువే, కాబట్టి మూడో గదికి వెళ్తుంది, అక్కడ రౌండ్ అయి 100,000.00 అని బయటికి వస్తుంది. ఇలాంటిది వచ్చే చోట సెల్‌లోనే రౌండ్ ఫంక్షన్ వాడి పైసలు రెండు స్థానాలకి తెచ్చుకోండి.

గదుల మాట వచ్చింది కాబట్టి

షరతులు రాయకుండా ఉత్త సెమికోలన్లు పెడితే ఎక్సెల్‌లో నాలుగు గదులు: ప్లస్ అంకెలు, మైనస్ అంకెలు, సున్నా, టెక్స్ట్. డాట్‌నెట్‌లో మొదటి మూడు. జావాలో రెండే. లెక్కల వాళ్ళు మైనస్‌ని బ్రాకెట్లో అడుగుతారు, అప్పుడు ఇలా:

#,##0.00;(#,##0.00)

జావాలో రెండో గది లోపలి కుర్చీలని ఎవరూ పట్టించుకోరు, ముందు వెనక ఉన్న గుర్తుల్ని మాత్రమే తీసుకుంటారు, #,##0.00;(#) అన్నా అదే ఫలితం. ఇది తెలియక రెండో గదిలో పైసలు తీసేసి, మైనస్ అంకెలకి పైసలు ఎందుకు పోవట్లేదని ఒకబ్బాయి నన్ను ఫోన్‌లో అరగంట కూర్చోబెట్టాడు.

జావాలో -0.001కి 0.00 మాస్క్ వేస్తే -0.00 వస్తుంది. కస్టమర్‌కి బాకీ మైనస్ సున్నా రూపాయలు! డాట్‌నెట్‌లో మూడో గది రాసి ఉంటే రౌండ్ అయ్యాక సున్నా అయిన అంకె ఆ గదిలోకే వెళ్తుంది, అక్కడ ఒక గీత పెట్టుకుంటే చాలు. జావాలో మీరే ముందు రౌండ్ చేసి, సున్నా అయిందేమో చూసుకోవాలి.

యాభై పైసల దగ్గర

మాస్క్ కుర్చీలు తక్కువైతే రౌండ్ చేస్తుంది, ఇది అందరికీ తెలుసు. ఎలా చేస్తుందో మాత్రం చాలామంది చూడరు. సరిగ్గా సగం దగ్గర ఎక్సెల్, డాట్‌నెట్ మాస్క్‌లు సున్నాకి దూరంగా జరుపుతాయి, అంటే మనం బడిలో నేర్చుకున్నట్టే, 2.5 అంటే 3. జావా డెసిమల్‌ఫార్మాట్ మామూలుగా దగ్గరున్న సరి సంఖ్యకి జరుపుతుంది. 2.5 అంటే 2, 3.5 అంటే 4. చాలా అంకెలు కలిపినప్పుడు ఒకవైపు మొగ్గకుండా ఉంటుందని అలా పెట్టారు, గణాంకాలకి మంచిదే.

జీఎస్టీకి కాదు. సీజీఎస్టీ చట్టం 170వ సెక్షన్ ప్రకారం పన్నులో పైసలు 50 లేదా ఎక్కువ ఉంటే రూపాయి పెంచాలి, తక్కువుంటే వదిలేయాలి. పన్ను 1250.50 వచ్చిందనుకోండి, చట్టం 1,251 అంటుంది, జావా మాస్క్ #,##0 మాత్రం 1,250 అని చూపిస్తుంది, ఎందుకంటే 1250 సరి సంఖ్య. ఒక్క రూపాయే, కానీ ఆ రూపాయి కోసం ఆడిటర్ మిమ్మల్ని రెండు రోజులు తిప్పుతాడు. రౌండింగ్ మోడ్‌ని హాఫ్ అప్ (సగం వస్తే పైకి) అని స్పష్టంగా సెట్ చేయండి, డబ్బుని దశాంశాల్ని ఉజ్జాయింపుగా దాచే డబుల్‌లో కాకుండా, ఉన్నదున్నట్టు దాచే బిగ్‌డెసిమల్‌లో ఉంచండి. డబుల్‌లో 1.005 అని రాస్తే లోపల ఉండేది దానికంటే ఒక పిసరు తక్కువ, అందుకే హాఫ్ అప్ పెట్టినా 1.00 వస్తుంది, మాస్క్‌ని తిట్టి లాభం లేదు.

మాస్క్ అంకెను మార్చదు, చూపు మాత్రమే మారుస్తుంది. ఇది వినడానికి మామూలుగా ఉంటుంది కానీ బిల్లులో గొడవలు ఎక్కువ ఇక్కడే. మూడు లైన్లు, ఒక్కోటి 33.334. ప్రతి లైన్‌లో 33.33 అని కనిపిస్తుంది, కింద మొత్తం 100.00. బేగంబజార్‌లో కొనేవాళ్ళు కాలిక్యులేటర్ జేబులో పెట్టుకునే వస్తారు, కొట్టి చూస్తే 99.99. "పైస మీరే ఉంచుకోండి, కానీ లెక్క తప్పైతే మిగతాది ఎట్ల నమ్మాలె?" అని ఒకాయన అన్న మాటకి నేనేం చెప్పగలను. ప్రతి లైన్‌ని ముందు రౌండ్ చేసి, ఆ రౌండ్ అయిన వాటిని కూడండి. మాస్క్ చివర్లో, ప్రింట్ అయ్యే ముందు మాత్రమే. మాస్క్ వేసిన అక్షరాల్ని మళ్ళీ అంకెగా చదివి లెక్కల్లో వాడటం అసలు వద్దు.

శాతం, రూపాయి గుర్తు

% గుర్తు మాస్క్‌లో ఉంటే అంకె 100తో గుణించబడుతుంది. డేటాబేస్‌లో పన్ను రేటు 0.18 అని ఉంటే 0% మాస్క్‌తో 18% వస్తుంది, చక్కగా. 18 అని ఉంటే 1800%. అప్పుడు గుర్తుని ఉత్త అక్షరం చేసేయాలి, ఎక్సెల్, డాట్‌నెట్‌లో 0\% అని, జావాలో 0'%' అని.

₹ గుర్తు 2010లో వచ్చింది, అదే ఏడాది యూనికోడ్‌లో చేరింది. స్క్రీన్ మీద ఇప్పుడు ఎక్కడా ఇబ్బంది లేదు, కానీ కౌంటర్ మీద ఉండే పాత ప్రింటర్లు దాన్ని ప్రశ్నార్థకంగానో డబ్బాగానో కొడతాయి. కాబట్టి నేను బిల్లుల మీద రూ. అనో, అదీ పడని ప్రింటర్ అయితే ఇంగ్లీషు అక్షరాలతోనో పెడతాను. ఇక్కడ మళ్ళీ ఒక గుంట. జావాలో నేను ఇలా రాశాను:

రూ.#,##0.00

ప్రోగ్రామ్ లేవలేదు. ఒకటికి మించి దశాంశ చుక్కలు ఉన్నాయని ఎర్రర్. రెండు సార్లు చదివినా నాకు ఒకటే చుక్క కనిపించింది, ఎందుకంటే "రూ." పక్కన ఉన్నది చుక్క అని మనకి తట్టదు, అది ఆ మాటలో భాగమే కదా. జావాకి ఆ తేడా తెలియదు. కొటేషన్లో పెట్టాలి:

'రూ.' #,##0.00

డాట్‌నెట్‌లో ఎర్రర్ కూడా రాదు, మొదటి చుక్కనే దశాంశం అనుకుని అంకెలన్నీ చిందరవందర చేస్తుంది. అక్కడా కొటేషన్ పెట్టండి. ఎక్సెల్‌లో అయితే డబుల్ కొటేషన్.

జావాలో ఇంకో మాట. మాస్క్ రాసేటప్పుడు కామా, చుక్కే రాస్తాం కానీ బయటికి ఏం వస్తుందో లొకేల్ నిర్ణయిస్తుంది. సర్వర్ లొకేల్ జర్మనీది అయితే అదే మాస్క్ 1.234,56 అని చూపిస్తుంది, కామా చుక్క తారుమారు. లొకేల్ చేతికివ్వండి. అలాగే ఒకే డెసిమల్‌ఫార్మాట్‌ని స్టాటిక్‌గా, అంటే అందరికీ ఉమ్మడిగా పెట్టి, పది థ్రెడ్లు (ప్రోగ్రామ్‌లో ఒకేసారి నడిచే పనులు) వాడుకుంటే ఒకరి బిల్లు అంకెలు ఇంకొకరి బిల్లులోకి దూరతాయి, అది థ్రెడ్ సేఫ్ కాదు. దీన్ని పట్టుకోవడం చాలా కష్టం, ఎందుకంటే టెస్టింగ్‌లో రాదు, దసరా రద్దీలో వస్తుంది.

వెబ్ పేజీ అయితే మాస్క్ గొడవే లేదు. జావాస్క్రిప్ట్‌లోని ఇంటల్ నంబర్‌ఫార్మాట్‌కి ఇండియా లొకేల్ ఇస్తే 1,23,45,678 అని తనే వేస్తుంది, పైసలు ఎన్ని కావాలో ఆప్షన్‌గా చెబితే చాలు. తెలుగు లొకేల్‌కి తెలుగు అంకెల ట్యాగ్ కూడా తగిలిస్తే ౧,౨౩,౪౫,౬౭౮ అని వస్తుంది. పెళ్ళి కార్డుల సైట్ చేసేవాళ్ళకి తప్ప ఎవరికీ ఇది అవసరం పడలేదు గానీ, మొదటిసారి చూసినప్పుడు టీమ్‌లో అందర్నీ పిలిచి చూపించాను, సగం మందికి నాలుగుకీ ఆరుకీ తేడా తెలియలేదు.

కొత్త మాస్క్ ఏది రాసినా నేను ఈ అంకెలతో కొట్టి చూస్తాను: 0, 0.5, -0.001, 2.5, 1999.999, 99999.996, 100000, 100005, -1234567, 1234567890. మామూలు అంకెలతో చూస్తే అన్నీ బాగానే ఉంటాయి.

కాకా బిల్లు సంగతి. 58 మిల్లీమీటర్ల రోల్ మీద మామూలు అక్షరాలు లైనుకి 32 పడతాయి, అందులో సరుకు పేరు, పరిమాణం, ధర, మొత్తం ఇరికించాలి. లక్షల కామా వేసేసరికి మొత్తం ఒక అక్షరం పెరిగింది, 1,234,567 కంటే 12,34,567 పొడవేమీ కాదు గానీ 123,456 కంటే 1,23,456 ఒకటి ఎక్కువ, దాంతో కాలమ్ పక్కకి జరిగి పైసలు కింది లైన్లో పడ్డాయి. మాస్క్ వేసిన తర్వాత ఎడమవైపు ఖాళీలు నింపి అన్నీ 13 అక్షరాల వెడల్పుకి తెచ్చాను, సరుకు పేరు నాలుగు అక్షరాలు కత్తిరించాను. కాకా కొత్త కాగితం చూసి కామాల గురించి ఏమీ అనలేదు. "కందిపప్పు అని మొత్తం రాయరాదా తమ్మీ, కందిప అని ఉందేంది?" అన్నాడు.